పౌను గింజలు

1877 జనవరి. ధాత నామ సంవత్సరం ఇంకా వెళ్లలేదు. లేపాక్షి ఉన్న హిందూపురం తాలూకా అప్పటికి బళ్లారి జిల్లాలోది. ఎటు చూసినా కరువు పనులే. చెరువు పూడిక తీసేవాళ్లు, రోడ్డుకు కంకర కొట్టేవాళ్లు పొద్దుగూకే వేళకు తూకం ముందు వరస కట్టారు. తూకం వేసేవాడి చేతికి కొత్త హుకుం వచ్చింది. మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన ఒక అణా. ఆడవాళ్లకూ పనిచేసే పిల్లలకూ అంతకన్నా తక్కువ. పౌనంటే సుమారు 450 గ్రాములు.

లేపాక్షి వీరభద్రుడి గుడి ఆవరణలో బండమీద చెక్కిన కంచాలున్నాయి. గుడి కట్టిన శిల్పులకు వాటిలోనే వడ్డించేవారని ఊళ్లో చెబుతారు. (కాదు, రంగులు కలుపుకునేవారని ఇంకొందరు.) మొదటి మాటే నిజమైతే, పదహారో శతాబ్దంలో రాయి చెక్కినవాడికి కంచంలో కూరకు కూడా గుంట తొలిచారు. 1877లో కంకర కొట్టినవాడికి ఆ గుంట లేదు.

హుకుం ఇచ్చింది కరువు పనులు చూడడానికి పైవాళ్లు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్. అంతకు మూడేళ్ల ముందు బీహార్ కరువులో బర్మా బియ్యం దింపి చావులను దాదాపు ఆపిన మనిషే! అంత ఖర్చెందుకని పైవాళ్లు తిట్టారు. ఈసారి మాట పడదలచుకోలేదు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్ ఎదురు తిరిగాడు. ఒకటిన్నర పౌనుకు తగ్గకూడదు, పప్పూ కూరగాయలూ ఉండాలి అన్నాడు.

కార్నిష్ పక్షాన సాక్ష్యం చెప్పగలిగింది ఒకటి ఆ కూలీల కడుపుల్లోనే ఊరుతోంది. దాన్ని పట్టుకోవడానికి 122 ఏళ్లు పట్టింది. గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే ఒక రిసెప్టర్ 1996లో దొరికింది, దానికి అతికే హార్మోన్ మాత్రం దొరకలేదు. 1999లో జపాన్‌లో మసయసు కొజిమా, కెంజి కంగావా దాన్ని ఎలుక జీర్ణాశయంలో పట్టుకున్నారు. అదే గ్రెలిన్. మనిషిలో దాని జన్యువు 3వ క్రోమోజోమ్ మీద ఉంది. ముందు 117 అమైనో ఆమ్లాల గొలుసు తయారవుతుంది, అందులోంచి 28 తెగి గ్రెలిన్ అవుతుంది. మూడో అమైనో ఆమ్లానికి ఎనిమిది కార్బన్ల కొవ్వు ఆమ్లం అతికితే గానీ రిసెప్టర్ దాన్ని గుర్తించదు. అతికించే ఎంజైమ్ 2008లో బయటపడింది. కడుపు ఖాళీ అయితే రక్తంలో గ్రెలిన్ పెరుగుతుంది, తింటే తగ్గుతుంది. అందుకే ఆకలి హార్మోన్ అన్నారు.

ఆ పేరు దానికి చాలదు. డల్లాస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ బృందం ఆ ఎంజైమ్ లేని ఎలుకలకు తిండిలో 60 శాతం కోసేసింది; 2010లో ఆ ఫలితం అచ్చయింది. మామూలు ఎలుకలు చిక్కిపోయినా రక్తంలో చక్కెరను నిలుపుకున్నాయి. ఎంజైమ్ లేనివి వారంలో చావుబతుకుల్లో పడ్డాయి. గ్రెలిన్ గానీ గ్రోత్ హార్మోన్ గానీ ఎక్కిస్తే బతికాయి. అంటే అన్నం అడగడం ఒక్కటే కాదు, అన్నం రాని రోజుల్లో ప్రాణం నిలపడం కూడా దాని పనే. కానీ ఒంట్లో కరిగించడానికి ఏదో ఒకటి మిగిలి ఉండాలి. అప్పటికే ఎముకలగూళ్లై కరువు పనులకు వచ్చినవాళ్లలో ఏం మిగిలింది?

1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చింది. గింజలు పౌనుంబావు, పప్పు ఒకటిన్నర ఔన్సు, అంటే 43 గ్రాములు. కార్నిష్ అడిగినదానికీ టెంపుల్ ఇచ్చినదానికీ నడుమ బేరం కుదిర్చినట్టు. ఏప్రిల్ ఆఖరుకు టెంపుల్ బొంబాయి గవర్నరయ్యాడు.