సంరక్షకుడు కాదు, తండ్రి

హైదరాబాదుకు తూర్పున, ఉప్పల్ దాటి వరంగల్లు బాటను పోవువారికి ఘట్‌కేసరుకు ముందు పోచారము వచ్చును. ఒకప్పుడు పొలములున్న చోట నేడు కంప్యూటరు కంపెనీల భవనములు లేచినవి. అయినను క్రొత్త బిడ్డ కనబడగానే మన పెద్దలు అడుగు ప్రశ్న మారలేదు: “ఎవరి బిడ్డవు?” బడిలో పేరు వ్రాయించునపుడును, భూమి పట్టా మార్పించునపుడును అదే ప్రశ్న. తల్లిదండ్రులు లేని బిడ్డ దానికి ఏమని జవాబు చెప్పును?

ప్రియ చదువరులారా, ఈ ప్రశ్న మన క్రైస్తవ కుటుంబములను బహుకాలము బాధించినది. పూర్వము హిందూ ధర్మశాస్త్రములో దత్తత యుండెను గాని, సాధారణముగా మగబిడ్డను మాత్రమే, అదియు స్వకులములోనే తీసికొనెడివారు. 1956లో వచ్చిన చట్టము ఆడబిడ్డను దత్తత చేసికొనుటకును దారి తెరచెను. అయితే ఆ చట్టము క్రైస్తవులకు వర్తింపదు. అనాథను పెంచుకొనగోరిన క్రైస్తవ దంపతులకు 1890 నాటి సంరక్షకుల చట్టమే గతి. దాని ప్రకారము వారు తల్లిదండ్రులు కారు, సంరక్షకులు మాత్రమే. బిడ్డకు మేజరు వయస్సు రాగానే ఆ బంధము చట్టము దృష్టిలో ముగిసిపోవును. వీలునామా వ్రాయనియెడల ఆ బిడ్డకు ఆస్తిలో పాలు దొరకుట కష్టము. ఎత్తుకొని పెంచిన చేతులకు “అమ్మ”, “నాన్న” అను పేరు కాగితము మీద లేకపోయెను.

బాల న్యాయ చట్టమునకు 2006లో జరిగిన సవరణతో ఈ స్థితి మారినది. ఏ మతస్థులైనను ఆ చట్టము క్రింద దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీముకోర్టు స్పష్టపరచెను. నేడు పోచారములోని క్రైస్తవ దంపతులైనను, విధిగా విచారణ జరిగిన పిమ్మట, జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఒక బిడ్డకు నిజమైన తలిదండ్రులు కాగలరు.

ఈ భేదమును అపొస్తలుడైన పౌలు ముందే ఎరిగియుండెను. గలతీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో, మనము మొదట సంరక్షకుల చేతిక్రింద నుంటిమనియు, కాలము పరిపూర్ణమైనప్పుడు దేవుడు తన కుమారుని పంపి మనలను దత్తపుత్రులనుగా చేసెననియు బోధించుచున్నాడు. రోమీయుల దేశాచారములో దత్తత చిన్న సంగతి కాదు. దత్తుడు క్రొత్త తండ్రి పేరును, వారసత్వమును పొందెడివాడు. యేసు పుట్టిన కాలమున ఏలిన కైసరు ఔగుస్తు సహితము జూలియస్ కైసరుకు దత్తపుత్రుడే. గనుక రోమా సంఘము “దత్తపుత్రాత్మ” అను మాట వినగానే దాని బరువు గ్రహించియుండును.

మన తెలుగు దేశములోను దీనికొక సాక్ష్యము కలదు. 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలాదిమందికి పని కల్పించెను. బాప్తిస్మము కోరినవారిని మాత్రము ఆయన ఆపి యుంచెను. కూటి కొరకు వచ్చిరని ఎవరును అనకూడదని ఆయన భావము. సహాయపు పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు ఊరి వెలుపల నుంచబడిన మాదిగ సోదరులు. కూలి ముగిసినను వారు తిరిగి వచ్చిరి. కూలివానికి కావలసినది కూలి. బిడ్డకు కావలసినది ఇల్లు.

అయితే నేటికిని మనలో కొందరు దేవుని ఇంటిలో కూలివారివలె భయముతో జీవించుచున్నారు. తప్పిపోయిన కుమారుడును పనివానిగా నుండనిమ్మని అడుగుటకు మాటలు సిద్ధపరచుకొని వచ్చెను. తండ్రి ఆ మాట పూర్తి కానీయక, ఉంగరము తొడిగించెను. మరికొందరమో, ఒకే తండ్రి బిడ్డలమని పాడుచునే, గుడిలోను సమాధుల తోటలోను కులమునుబట్టి వేరుపడుచున్నాము. తండ్రి దత్తత తీసికొన్న బిడ్డను అన్నదమ్ములు కాదనుట తండ్రి చేవ్రాలును కొట్టివేయుటయే గదా!

ఈ ఆదివారము గుడికి వెళ్లునపుడు, మీ ప్రక్కన కూర్చున్నవారిని చూచి “ఎవరి బిడ్డ?” అని మనస్సులో అడుగుడి. జవాబు మీకు తెలియును. ఆ జవాబే మీదియు.