డ్రిల్లు సారు చూడని కాలు



జనవరి 26న మా బడిలో జెండా వందనం అయ్యాక ఆటల పోటీలు పెట్టేవారు. వాటిలో పిల్లలందరూ ఎదురుచూసేది స్లో సైకిల్ రేసు. అన్ని పందేల్లో ముందు వచ్చినవాడు గెలిస్తే, ఇందులో అందరికంటే ఆలస్యంగా గీత దాటినవాడు గెలుస్తాడు. నియమం ఒక్కటే: కాలు నేలకు తగిలితే ఔట్.

అప్పటి కరీంనగర్ జిల్లాలోని మా ఊళ్లో సొంత సైకిల్ ఉన్న పిల్లలు తక్కువ. గంటకు రూపాయి ఇచ్చి సైకిల్ టాక్సీలో అద్దెకు తెచ్చుకునేవాళ్లం. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది చివరికి ఇద్దరమే మిగిలాం, నేనూ నా దోస్తూ. సున్నం గీత ఇంకా నాలుగు బారల దూరం ఉందనగా నా హ్యాండిల్ పక్కకు తిరిగింది. ఎడమకాలి బొటనవేలు మట్టికి తగిలింది. డ్రిల్లు సారు అటువైపు చూస్తున్నారు. నేను కాలు పైకి తీసుకున్నాను. నా దోస్తు నా కాలినే చూశాడు. ఆ చూపులోనే అతని సైకిల్ జారి గీత దాటిపోయింది. స్టీలు టిఫిన్ బాక్సు నాకు వచ్చింది. ఆ ఆదివారం ఆరాధనలో మా నాన్న దాన్ని ఎత్తి చూపించి దేవునికి స్తోత్రం చెప్పారు. మా నాన్న ఆ ఊరి పాస్టరు.

ఆ బాక్సు సంగతి చివర్లో చెప్తాను. ముందుగా సైకిల్ తొక్కడమే బతుకుదెరువు చేసుకున్న కొందరి చరిత్ర చూద్దాం. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పందెగాళ్ల మాట ఎత్తుతాడు. ఆ ఊరి దగ్గరే రెండేళ్లకోసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి, గెలిచినవాడికి ఆకుల కిరీటం పెట్టేవారు. వినేవాళ్లకు తెలిసిన ఆటతోనే పౌలు వాక్యం చెప్పాడు. మనకు తెలిసిన బండి సైకిల్. అందుకే ఈ చరిత్ర.

పేపరు కోసం పుట్టిన పందెం

ప్రపంచంలో అన్నిటికంటే పేరున్న సైకిల్ పందెం టూర్ దె ఫ్రాన్స్. ఇది 1903 జులై 1న మొదలైంది. దాన్ని పెట్టింది ప్రభుత్వం కాదు, ‘లోటో’ అనే క్రీడా పత్రిక. ఎందుకు పెట్టింది? పేపరు అమ్ముడుపోవడానికి. 60 మంది బయలుదేరారు. ఆరు దశల్లో దాదాపు 2,400 కిలోమీటర్లు తొక్కారు. అంటే కరీంనగర్ నుండి ఢిల్లీకి వెళ్లి, మళ్లీ సగానికి పైగా తిరిగి వచ్చినంత. ఒకప్పుడు పొగగొట్టాలు శుభ్రం చేసి బతికిన మోరిస్ గారిన్ గెలిచి ఫ్రాన్స్‌కు వీరుడయ్యాడు.

మరుసటి ఏడాదే బండారం బయటపడింది. రాత్రిపూట చీకట్లో తొక్కాలి, కాపలా ఎక్కడా సరిపోదు. కొందరు రైలెక్కారని ఆరోపణలు వచ్చాయి. తమవాడు గెలవాలని జనమే ఎదుటివాళ్ల మీద పడి కొట్టారు. కొన్ని నెలల విచారణ తర్వాత గారిన్‌తో సహా మొదటి నలుగురినీ తీసేశారు. అయిదో స్థానంలో వచ్చిన 19 ఏళ్ల హెన్రీ కోర్నే విజేత అయ్యాడు.

ఈ ఆటలో పేరూ మోసమూ ఒకే తొట్టెలో పెరిగాయి. పేపరుకు వీరులు కావాలి, వీరులకు పేపరు కావాలి. 1919లో ముందున్నవాడికి పసుపు చొక్కా తొడిగించారు. ఆ పేపరు అచ్చయ్యేది పసుపు కాగితం మీదే.

ఆదివారం తొక్కనివాడు

టూర్ పుట్టకముందే అమెరికాలో ఒక నల్లజాతి యువకుడు ప్రపంచమంతా తిరిగి చూసేలా సైకిల్ తొక్కాడు. పేరు మార్షల్ టేలర్. జనం మేజర్ టేలర్ అనేవారు. 1878లో ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. 1899లో మాంట్రియల్‌లో స్ప్రింట్ పందెంలో ప్రపంచ విజేత అయ్యాడు.

అతనికి మంచి పేరు సంపాదించుకునే అవకాశమే ఇవ్వలేదు. 1894లోనే అమెరికా సైకిల్ సమాఖ్య తెల్లవాళ్లకు తప్ప సభ్యత్వం లేదని తీర్మానం చేసింది. పందెంలో ఇద్దరు ముగ్గురు కలిసి అతన్ని మధ్యలో ఇరికించి దారి మూసేవారు. 1897లో టాంటన్ అనే ఊళ్లో, పందెం ముగిశాక, ఓడినవాడొకడు అతన్ని కిందికి లాగి, స్పృహ తప్పేదాకా గొంతు నులిమాడు. బావి దగ్గర దూరంగా నిలబెట్టబడిన తాతలున్న మన సంఘాలకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

టేలర్ బాప్టిస్టు విశ్వాసి. ఆదివారం పందెం తొక్కనని తల్లికి మాట ఇచ్చాడు. ఐరోపాలో పెద్ద పందేలు జరిగేదే ఆదివారం. అక్కడి నిర్వాహకులు పెద్ద మొత్తం ఇస్తామని పిలిస్తే ఆ ఒక్క కారణంగా వద్దన్నాడు. చివరికి వాళ్లే దిగివచ్చి, 1901లో ఆదివారం తప్పించి పందేలు పెట్టారు. ప్యారిస్‌లో ఫ్రెంచ్ వీరుడు జాక్లిన్ మొదట అతన్ని ఓడించి, ముక్కుకు బొటనవేలు ఆనించి అందరి ముందు వెక్కిరించాడు. పదకొండు రోజుల తర్వాత ఒక సోమవారం మళ్లీ పోటీ పడ్డారు. వరసగా రెండుసార్లు టేలరే గెలిచాడు. వెక్కిరించినవాడికి జవాబు చక్రాలతోనే చెప్పాడు.

చివరి రోజుల్లో చేతిలో డబ్బు లేదు. తన జీవితకథ తానే అచ్చు వేయించుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. 1932లో షికాగోలో ధర్మాసుపత్రి వార్డులో కన్నుమూశాడు. పేరు చెక్కిన రాయి కూడా లేని సమాధి. పదహారేళ్ల తర్వాత, 1948లో, పాత సైకిల్ వీరులు కొందరు కలిసి అతన్ని గౌరవంగా మరో చోట సమాధి చేసి పలక పెట్టించారు.

సైకిల్ గొట్టంలో దాచిన కాగితాలు

రెండోవాడు ఇటలీవాడు, జీనో బార్తాలి. భక్తిగల కాథలిక్. 1938లో టూర్ గెలిచాడు, మళ్లీ పదేళ్ల తర్వాత 1948లో గెలిచాడు. ఆ రెండు గెలుపుల మధ్య యుద్ధం.

1943లో జర్మన్ సైన్యం ఇటలీని పట్టుకుని యూదులను వెతికి రైళ్లలో తరలించడం మొదలుపెట్టింది. ఫ్లోరెన్స్ కార్డినల్ ఎలియా దల్లా కోస్తా మనుషులు యూదులను మఠాల్లో దాచేవారు. వాళ్లు బయటపడాలంటే వేరే పేర్లతో గుర్తింపు కార్డులు కావాలి. బార్తాలి ఆ కాగితాలను సైకిల్ గొట్టాల్లో కుక్కి, పైన సీటు బిగించి, సాధన చేస్తున్నట్టు ఊళ్లు దాటించేవాడు. పట్టుబడితే చావే. ఆపిన సైనికులు అతని మొహం గుర్తుపట్టి పందేల కబుర్లు అడిగేవారట. లోకం ఇచ్చిన పేరు అతనికి ఆ రోజుల్లో అలా పనికొచ్చింది. వేరేవాళ్ల ప్రాణాలకు అడ్డుగా తన పేరును పెట్టాడు. ఒక యూదు కుటుంబాన్ని తన నేలమాళిగలో కూడా దాచాడు.

యుద్ధం అయ్యాక ఈ సంగతి చెప్పుకుని ఎంతో పేరు పొందవచ్చు. ఆయన చెప్పుకోలేదు. కొడుకుకు కొంత చెప్పి, బయట అనవద్దన్నాడు. 2000లో చనిపోయాడు. 2013లో యెరూషలేములోని యాద్ వాషేమ్ స్మారక సంస్థ ఆయన్ను నీతిమంతుల జాబితాలో చేర్చింది.

ఇదే బార్తాలిది ఒక ప్రసిద్ధ ఫోటో ఉంది. 1952 టూర్‌లో కొండ ఎక్కుతూ అతనూ అతని ప్రత్యర్థి ఫౌస్తో కొప్పీ ఒక నీళ్ల సీసా అందుకుంటుంటారు. ఎవరు ఎవరికి ఇస్తున్నారో ఫోటోలో తెలియదు. ఇచ్చింది మావాడంటే మావాడని ఇటలీవాళ్లు తరతరాలుగా వాదించుకుంటున్నారు. కెమెరాకు దొరికిన ఒక్క గుక్క నీళ్ల మీద ఇంత వాదన! కెమెరాకు దొరకని ప్రాణాల లెక్క ఆయన నోట రాలేదు.

పసుపు పట్టీ

మూడోవాడి పేరు మీలో చాలామంది విన్నదే, లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1996లో క్యాన్సర్ వచ్చింది, ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. బతికి బయటపడ్డాడు. 1999 నుండి 2005 వరకు వరుసగా ఏడుసార్లు టూర్ గెలిచాడు. 2004లో అతని క్యాన్సర్ సంస్థ పసుపు రబ్బరు పట్టీలు అమ్మితే లోకమంతా కోట్లమంది చేతికి కట్టుకున్నారు. రోగులు ఆసుపత్రి మంచం మీద అతని పుస్తకం పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నారు.

పందెంలో మర్యాద కూడా చూపించాడు. 2001లో జర్మనీవాడు యాన్ ఉల్‌రిచ్ కొండ దిగుతూ రోడ్డు పక్కకు పడిపోతే, అతను లేచి వచ్చేదాకా ఆర్మ్‌స్ట్రాంగ్ నెమ్మదించాడు. 2003లో ఆర్మ్‌స్ట్రాంగ్ పడితే ఉల్‌రిచ్ ఆగాడని లోకం మెచ్చుకుంది. క్రీడాస్ఫూర్తి అంటే ఇదీ అని టీవీలు మళ్లీ మళ్లీ చూపించాయి. తర్వాత తేలిందేమిటి? ఆ ఇద్దరూ మందులు వాడినవాళ్లే. కెమెరా ముందు ఒకరికొకరు ఆగారు. తలుపు వేసుకున్న గదిలో ఇద్దరూ ఆగలేదు.

2012 అక్టోబరులో అంతర్జాతీయ సైకిల్ సమాఖ్య అతని ఏడు టైటిళ్లనూ కొట్టేసింది. 2013 జనవరిలో టీవీలో తానే ఒప్పుకున్నాడు. ఆ ఏడేళ్ల విజేత వరుసలో ఈరోజుకీ ఎవరి పేరూ లేదు.

అయితే నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ మందులు కాదు. అతని జట్టులో కాళ్లకు మర్దన చేసే ఎమ్మా ఓరైలీ అనే ఐర్లండ్ స్త్రీ ఉండేది. 1999లో పరీక్షలో మందు దొరికితే, వెనక తేదీ వేసి చీటీ సృష్టించారని ఆమె ధైర్యంగా చెప్పింది. ఆమె మీద దావా పడింది, ఆమె నడత మీదే నిందలు వేశారు. లండన్‌లో ఒక పత్రిక అనుమానం రాస్తే దాని మీదా దావా వేసి డబ్బు కట్టించుకున్నాడు. లోకం ఎవరిని నమ్మింది? క్యాన్సర్‌ను గెలిచినవాడినా, కాళ్లు పిసికే ఆడమనిషినా? మంచి పేరులోని ప్రమాదం ఇదే. మనల్ని గొప్పగా చూపించి ఊరుకోదు, నిజం చెప్పినవాళ్ల నోరు కూడా నొక్కుతుంది.

పేరును వేరుగా వాడినవాళ్లు మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌ను కూల్‌డ్రింకు ప్రకటనకు అడిగితే, తాను తాగనిదాన్ని తాగమని పిల్లలకు చెప్పనన్నారు. పెద్ద డబ్బు వదులుకున్నారు.

మన సంగతి

నేను సేవ చేస్తున్నది ఇప్పుడు ఆదిలాబాద్ వైపు. డిసెంబరు చలి ఇక్కడ ఎలా ఉంటుందో తెలిసినవారికి తెలుసు. రెండేళ్ల క్రితం ఒక ఊళ్లో దుప్పట్లు పంచాం. దాతలకు పంపాలి కదా అని ఒక్కొక్కరిని నిలబెట్టి ఫోటో తీస్తున్నాం. ఒక ముసలమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. కొంగు తియ్యమ్మా అన్నాను. “ఫోటో దిగితేనే ఇస్తరా బిడ్డా?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. దుప్పటి ఇచ్చాను, కానీ అంతకుముందే ఆమె దగ్గర ఒకటి గుంజుకున్నాను. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని పదిసార్లు ప్రసంగించిన నేను, ఆ రాత్రికే ఆ ఫోటోలు స్టేటస్‌లో పెట్టాను. దుప్పటి కప్పుకున్నది వాళ్లు, పేరు కప్పుకున్నది నేను. బార్తాలి తన పేరు ఖర్చుపెట్టి మనుషుల్ని కాపాడితే, నేను మనుషుల మొహాలు ఖర్చుపెట్టి పేరు కొనుక్కున్నాను.

దాతలకు లెక్క చెప్పవద్దా? చెప్పాలి. బిల్లు చూపించవచ్చు, సంఘ పెద్దల సంతకాలు చూపించవచ్చు. అప్పటినుండి మా సంఘంలో అలాగే చేస్తున్నాం. ఫోటో తగ్గింది, సాయం చేసేవాళ్లు కొందరు తగ్గిన మాటా నిజమే.

ఇక ఆ టిఫిన్ బాక్సు. నా దోస్తు ఇప్పుడు సింగరేణిలో పనిచేస్తున్నాడు. ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు ముందు అతనికి ఫోన్ చేసి, ఆ రోజు నా కాలు నేలకు తగిలిందని చెప్పాను. గట్టిగా నవ్వాడు.

“నాకు తెల్వదారా? అప్పుడే చూసిన.”

“మరి సారుకు ఎందుకు చెప్పలేదు?”

కాసేపు ఆగి అన్నాడు. “చెప్తే ఎవరు నమ్ముతుండె? నువ్వు పాస్టరు కొడుకువి.”

ముప్పై ఏళ్లకు పైగా నేను దాన్ని చిన్నపిల్లల ఆట అనుకున్నాను. గెలుపు ఒక్కటే దొంగిలించాననుకున్నాను. అతని మాటకు విలువ లేకుండా చేసింది మా ఇంటి మంచి పేరు అని ఆ రోజు తెలిసింది. సేవకులారా, సేవకుల పిల్లలారా, సంఘ పెద్దలారా, మన పేరు చాటున ఎవరి నోరు మూతపడి ఉందో ఒకసారి చూసుకుందాం.

ఆ బాక్సు ఇంకా మా అమ్మ దగ్గరే ఉంది, ఆవాలు పోసుకుంటుంది. తెచ్చి ఇస్తానన్నాను. “నాకెందుకురా అది? మీ సంఘంల చెప్పు, చాలు” అన్నాడు.

పోయిన ఆదివారం చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్పాను.

ప్రార్థన: తండ్రీ, సారు చూడనప్పుడు కూడా నీవు చూస్తున్నావు. మాకున్న పేరు కంటే మా నడత తక్కువ కాకుండా చూడుము. మా వలన నోరు మూసుకున్నవారి మాట వినే మనసు మాకిమ్ము. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.