హిరోషిగె తొకైదో చిత్రమాల

జపాన్‌లో ఎదో (నేటి టోక్యో), క్యోటో నగరాలను కలిపిన తొకైదో రహదారిపై వెలువడిన చెక్క అచ్చుల చిత్రమాల. ఉతగావా హిరోషిగె (1797–1858) రూపొందించిన ఈ తొలి మాల 1833–34 ప్రాంతంలో వచ్చింది. ప్రచురణకర్త పేరిట దీన్ని హోయెదో ముద్రణ అంటారు. దాదాపు 500 కిలోమీటర్ల దారిలో మజిలీలు 53. మొదలు, చివర కలిపి చిత్రాలు 55.

బొమ్మ ఒక్కరి చేతిపని కాదు. చిత్రకారుడు పలుచని కాగితంపై గీసిన గీతలను చెర్రీ చెక్కపై బోర్లా అతికించి, అవి ఉబ్బెత్తుగా మిగిలేలా మరొకరు చెక్కుతారు. రంగులకు వేరే అచ్చులుంటాయి. ముద్రించేవాడు చెమ్మ కాగితాన్ని మూల గుర్తులకు సరిపెట్టి వెనుకనుంచి రుద్దుతాడు. పెడన కలంకారీలో అచ్చును గుడ్డపై అద్దుతారు. ఇక్కడ కాగితాన్నే అచ్చుపై పరుస్తారు. ఆకాశంలో నీలం క్రమంగా పలచబడే సొగసులో ముద్రించేవాడి నేర్పు చాలా ఉంది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటిన రాజోలు వారికి షిమాదా, కనయా మజిలీల చిత్రాలు ఇట్టే దగ్గరవుతాయి. అక్కడి ఓయి నదిపై షోగన్ల (సైనిక పాలకుల) పాలనలో వంతెనా లేదు, పడవా లేదు. కూలీలే బాటసారులను భుజాలమీద, బల్లలమీద మోసి దాటించేవారు. వరదొస్తే రోజుల తరబడి ఒడ్డున ఆగాల్సిందే.

మాలలో మేటి షోనో మజిలీ వాన చిత్రం. ఏటవాలు జల్లు, గాలికి ఊగే చెట్లు, కొండదారిలో పరుగెత్తే మనుషులు: వాన చప్పుడు వినిపించే బొమ్మ అది.

1887లో డచ్ చిత్రకారుడు వాన్ గో హిరోషిగె చిత్రాలు రెండింటిని తైలవర్ణాల్లో తిరిగి గీశాడు. అవి ఈ మాలలోవి కావు, తరువాతి ఎదో దృశ్యాలలోవి.