హెచ్‌ఐవీ లైంగిక సంక్రమణలో శరీర ద్రవాల పాత్ర

హెచ్‌ఐవీ ఒకరి నుంచి మరొకరికి చేరాలంటే వైరస్ తగినంత ఉన్న ద్రవం కావాలి, ఆ ద్రవం తగిలేందుకు శ్లేష్మపొరో గాయమో కావాలి. రక్తం, వీర్యం, స్ఖలనానికి ముందు ఊరే జిగురు ద్రవం, యోని స్రావం, మలాశయ స్రావం, చనుబాలు ఈ కోవలోకి వస్తాయి. చనుబాలు తల్లీబిడ్డల మధ్య సంక్రమణకు సంబంధించినవి కనుక ఇక్కడ వదిలేస్తున్నాం. చెమట, కన్నీరు, మూత్రం వల్ల హెచ్‌ఐవీ సోకదు. లాలాజలంలో వైరస్ చాలా తక్కువ. పైగా దాన్ని అడ్డుకునే ప్రొటీన్లు ఉంటాయి, ఉమ్మి పలుచదనం వల్ల వైరస్‌ను మోసే తెల్లకణాలు చితికిపోతాయి. అందుకే ముద్దు, ఎంగిలి వల్ల హెచ్‌ఐవీ రాదు. ముఖమైథునంలో ప్రమాదం చాలా స్వల్పం, నోట్లో పుండ్లుంటే కొంత పెరగవచ్చు.

వీర్యం

వీర్యంలో వైరస్ రెండు రూపాల్లో ఉంటుంది: ద్రవంలో విడిగా తేలుతూ, తెల్లరక్తకణాల లోపల దాగి. వీర్యకణమే ప్రధాన వాహకమని ఒకప్పుడు కొందరు భావించారు. నేటి ఆధారాలు అటువైపు మొగ్గవు. ఇటలీలో సెంప్రీని బృందం హెచ్‌ఐవీ ఉన్న భర్తల వీర్యాన్ని కడిగి, వీర్యకణాలను మాత్రమే వేరుచేసి భార్యల గర్భాశయంలో ప్రవేశపెట్టింది. ఆ స్త్రీలెవరికీ వైరస్ సోకలేదని 1992లో ప్రకటించింది. వైరస్ ఎక్కువగా ఉండేది ద్రవంలో, తెల్లకణాల్లోనే అనడానికి ఇది బలమైన సాక్ష్యం.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఈ సంగతిని కొంత విడమరచి చెప్పాలి. ఇక్కడ కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో ట్యూబెక్టమీ చేయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం. నిరోధ్ వాడకం మాత్రం బహు తక్కువ. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయ్యాక నిరోధ్‌తో పనేముందన్న భావన వైరస్ విషయంలో ప్రమాదకరం. ట్యూబెక్టమీ మూసేది అండనాళాలను. యోని గోడలు, గర్భాశయ ముఖద్వారం ఎప్పటిలాగే వీర్యానికి తగులుతూ ఉంటాయి. వేసెక్టమీ ఆపేది వీర్యకణాల దారిని. వీర్యం పరిమాణంలో వృషణాల నుంచి వచ్చేది కొద్ది శాతమే, మిగిలినదంతా వీర్యకోశాల నుంచి, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. వేసెక్టమీ అయిన పురుషుల వీర్యంలోనూ హెచ్‌ఐవీ కనిపించినట్టు 1990ల తొలినాళ్ల నుంచే పరిశోధనలు చెబుతున్నాయి. గర్భసంచి తీయించుకున్న స్త్రీలకూ యోని గోడ ద్వారా సోకే వీలుంది. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, వైరస్‌ను కాదు. ఆరోగ్య సిబ్బంది ఈ మాటను ఆపరేషన్ రోజునే చెప్పడం అవసరం.

స్ఖలనానికి ముందు వచ్చే ద్రవంలోనూ వైరస్ సోకిన కణాలు కనిపించాయి. కనుక స్ఖలనానికి ముందే బయటికి తీసుకోవడం రక్షణ కాదు.

వీర్యం వైరస్‌ను మోయడమే కాక దానికి తోడ్పడుతుందా అన్నది తేలని ప్రశ్న. జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో వీర్యంలోని ఒక ప్రొటీన్ ముక్కలు నారలుగా పేరుకుని, వైరస్‌ను కణాలకు అంటిపెడుతున్నాయని చూపారు. ఆ నారలకు సెవి అని పేరు పెట్టారు. పరీక్షనాళికలో ఫలితం ఎంతో ప్రబలంగా ఉన్నా, తర్వాత కోతులపై జరిగిన ప్రయోగాలు దాన్ని స్పష్టంగా బలపరచలేదు. వీర్యపు క్షారగుణం యోనిలోని ఆమ్లాన్ని కొన్ని గంటలపాటు తగ్గిస్తుందన్న మాటకు ఇంతకంటే గట్టి ఆధారముంది.

యోని స్రావం

ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఈ ఆమ్లం హెచ్‌ఐవీని నిర్వీర్యం చేస్తుంది. ఆ బ్యాక్టీరియా తగ్గి ఇతర సూక్ష్మజీవులు పెరిగితే బ్యాక్టీరియల్ వజైనోసిస్ వస్తుంది. మన ఆడవాళ్లు తెల్లబట్ట అనే మాటలో దీన్నీ కలిపేస్తారు. ఇది ఉన్న స్త్రీకి హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 60 శాతం ఎక్కువని 2008లో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. భార్యకు హెచ్‌ఐవీతోపాటు ఇదీ ఉంటే భర్తకు సోకే అవకాశమూ పెరుగుతుందని 2012లో ఆఫ్రికా దంపతుల అధ్యయనంలో తేలింది. సిగ్గుపడి తెల్లబట్టను ఏళ్లతరబడి మోయనక్కరలేదు, మందులున్నాయి. లోపల సబ్బుతో కడగడం మేలు చేయదు, ఆ రక్షణ బ్యాక్టీరియానే పోగొడుతుంది. వీర్యకణాలను చంపే నొనాక్సినాల్-9 జెల్ కూడా ఇలాగే బెడిసికొట్టింది: తరచుగా వాడిన స్త్రీలలో సంక్రమణ తగ్గకపోగా పెరిగిందని 2000లో బయటపడింది. బహిష్టు సమయంలో స్రావంలో రక్తం కలవడం వల్ల భాగస్వామికి ప్రమాదం కొంత హెచ్చవచ్చు.

మలాశయ స్రావంలో వైరస్ ఎక్కువగా ఉండవచ్చు. అక్కడి పొర ఒకే వరుస కణాలతో ఉంటుంది, సులువుగా చిట్లుతుంది. 2014లో అమెరికా పరిశోధకులు వేసిన లెక్కలో ఒక్కో సంపర్కానికి గ్రహించే భాగస్వామికి ప్రమాదం మలద్వార సంభోగంలో 10,000కు 138, యోని సంభోగంలో 8. ఈ అంకెలను పట్టుకుని ధీమాగా ఉండరాదు. 2009 నాటి మరో సమీక్ష పేద దేశాల్లో పురుషుడి నుంచి స్త్రీకి సోకే అవకాశాన్ని 0.30 శాతంగా, అంటే సంపన్న దేశాల కంటే దాదాపు నాలుగింతలుగా చూపింది. చికిత్స అందని సుఖవ్యాధులు ఈ తేడాకు ఒక కారణమై ఉండవచ్చు. మలావీలో 1997లో జరిగిన అధ్యయనంలో సెగరోగం వంటి మూత్రనాళ వ్యాధులున్న పురుషుల వీర్యంలో వైరస్ అవి లేనివారి కంటే సుమారు ఎనిమిది రెట్లు కనిపించింది. సుఖవ్యాధికి చికిత్స చేయగానే రెండు వారాల్లో గణనీయంగా తగ్గింది.

వైరల్ లోడ్, మందులు

అన్నిటికంటే నిర్ణాయకమైనది ద్రవంలోని వైరస్ పరిమాణం. ఉగాండాలోని రకాయిలో ఒకరికి మాత్రమే హెచ్‌ఐవీ ఉన్న 415 జంటలను గమనించగా, రక్తంలో మిల్లీలీటరుకు 1,500 కన్నా తక్కువ వైరస్ ఉన్నవారి నుంచి భాగస్వామికి సోకలేదు. ఈ ఫలితం 2000లో వెలువడింది. చెన్నై, పుణె కేంద్రాలు కూడా పాల్గొన్న హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనంలో 1,763 జంటలున్నాయి. ముందుగానే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. మందులు వాడుతూ వైరల్ లోడ్ పరీక్షకు అందనంతగా ఉన్నవారి నుంచి లైంగికంగా సోకదన్నది నేడు స్థిరపడిన విషయం. వీర్యంలో అప్పుడప్పుడు కొద్దిపాటి వైరస్ జాడలు కనిపించినా, యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో అలాంటి జంటల మధ్య ఒక్క సంక్రమణా నమోదు కాలేదు. కొత్తగా సోకిన తొలి వారాల్లో మాత్రం వైరస్ విపరీతంగా ఉంటుంది, పరీక్షలో బయటపడకపోవచ్చు కూడా.

తెలుగు ప్రాంతం

దేశంలో తొలి కేసులను 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం గుర్తించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తర్వాతి రెండు దశాబ్దాలు అధిక భారం మోసిన రాష్ట్రాల్లో ఒకటి. ఎంత భారమన్నదానిపై లెక్కలు కలవవు. గర్భిణులు, సుఖవ్యాధి రోగుల నమూనాలపై ఆధారపడిన అధికారిక పద్ధతి చూపినదానిలో, గుంటూరు జిల్లాలో ఇంటింటి రక్తపరీక్షల అధ్యయనం (2006) సగం కంటే తక్కువ వ్యాప్తిని చూపింది. 2005–06 కుటుంబ ఆరోగ్య సర్వే రాష్ట్రానికి 0.97 శాతమని చెప్పింది. 2007లో కేంద్రం జాతీయ అంచనాను సుమారు 52 లక్షల నుంచి 25 లక్షలకు దించింది. ఇంటింటి పరీక్షల లెక్కే వాస్తవానికి దగ్గరగా తోస్తుంది. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ 0.67 శాతం, తెలంగాణ 0.47 శాతం, దేశ సగటు 0.21.

వలసల సంగతి చెప్పుకోవాల్సిన ప్రాంతాల్లో నల్లమల అంచున, పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఉండిన బల్మూర్ మండలం ఒకటి. పాలమూరు లేబర్‌గా దేశమంతా ఆనకట్టలు కట్టిన, రోడ్లు వేసిన కూలీల ప్రాంతమిది. వలస వెళ్లడం వ్యాధి కాదు, వలసలో మందులు ఆగిపోవడమే ఇబ్బంది. ఏఆర్‌టీ ఆపిన కొన్ని వారాల్లోనే వైరస్ రక్తంలోకి, ఆ వెంటనే వీర్యంలోకి, యోని స్రావంలోకి తిరిగి వస్తుంది. పనికి వెళ్లేవారు పని ఊళ్లోని ఏఆర్‌టీ సెంటర్‌కు తమ పేరు బదిలీ చేయించుకోవచ్చు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సంపర్కం వల్ల సోకిందేమోనని అనుమానం కలిగితే 72 గంటల్లోపు వైద్యుణ్ణి కలవాలి, ఆలోగా మొదలుపెట్టిన 28 రోజుల మందులే పనిచేస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రుల ఐసీటీసీల్లో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రాల్లో) పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. సందేహాలకు జాతీయ హెల్ప్‌లైన్ 1097.