ఎనభై ఎనిమిది గుళ్ల దారి ఎవరు వేశారు?

జపాన్‌లోని షికోకు దీవిలో, మత్సుయామా నగరంలో, దోగో వేడినీటి బుగ్గలకు దగ్గర్లోనే ఇషితేజి అనే బౌద్ధాలయం ఉంది. తెల్లటి అంగీ, గడ్డితో అల్లిన టోపీ, చేతికర్రతో దీవి చుట్టూ నడిచే యాత్రికులకు అది 51వ మజిలీ. 1318లో కట్టిన దాని ముఖద్వారం జపాన్ జాతీయ సంపదల్లో ఒకటి. అయినా ఆ గుడికి పేరు తెచ్చింది ద్వారం కాదు, పసిబిడ్డ పిడికిట్లో ఇమిడిందని చెప్పే ఒక రాయి.

స్థలపురాణం ఇదీ. ఎమోన్ సబురో అనే పిసినారి ధనవంతుడు తన వాకిట్లో నిలబడ్డ భిక్షువును పదే పదే తరిమేశాడు. చివరికి భిక్షాపాత్రను పగలగొట్టాడు. అది ఎనిమిది ముక్కలైంది. ఆ తర్వాత అతని ఎనిమిది మంది కొడుకులూ ఒకరి వెనక ఒకరు చనిపోయారు. వచ్చినవాడు మహాగురువు కూకై అని తెలిసి, కాళ్ల మీద పడదామని దీవి చుట్టూ ఇరవై సార్లు తిరిగాడు. దొరకలేదు. ఇరవై ఒకటోసారి ఎదురు దిక్కున నడిచి, 12వ గుడి షోసాన్‌జి దగ్గర కొండదారిలో కూలిపోయాడు. అప్పుడొచ్చాడు కూకై. వచ్చే జన్మలో గొప్పింట పుట్టాలన్న కోరిక విని, అతని పేరు రాసిన రాయిని చేతిలో పెట్టాడు. తర్వాత ఆ ప్రాంతపు పాలకుల ఇంట పిడికిలి బిగించుకుని ఒక బిడ్డ పుట్టాడు. గుడిలో పూజలు చేయిస్తే పిడికిలి విడింది, రాయి బయటపడింది.

కథ బాగుంది. కానీ దాన్ని రాసిపెట్టిన పాత ఆధారం ఇదే గుడిలోని 1567 నాటి చెక్క పలక. కూకై కాలం చేసింది 835లో. నడుమ ఏడు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది.

కూకై మాత్రం కల్పన కాదు. 774లో ఈ దీవిలోనే పుట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడు తైర్యూ కొండ మీద, మురోతో అగ్రం దగ్గర సాధన చేశానని 797 నాటి తన రచనలో తానే చెప్పుకున్నాడు. 804లో చైనా వెళ్లి, చాంగాన్‌లో హుయిగువో అనే గురువు దగ్గర మంత్రయాన దీక్ష పొంది, 806లో తిరిగొచ్చి షింగోన్ శాఖను స్థాపించాడు. ఆ శాఖ గురుపరంపరలో కూకై ఎనిమిదోవాడు, మూడోవాడు మన ఆచార్య నాగార్జునుడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపు తెరిచి నాగార్జునుడు మంత్రసూత్రాలు అందుకున్నాడని వాళ్ల నమ్మకం. అది అమరావతి స్తూపమే కావచ్చని కొందరు పండితుల ఊహ. రుజువు లేదు గానీ, షికోకు గుళ్లలో యాత్రికులు గొంతు కలిపి ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం చదువుతుంటే తెలుగువాడికి పరాయితనం అనిపించదు.

ఇంతకీ 88 గుళ్లను 815లో కూకైయే ఏర్పరిచాడన్నది సంప్రదాయం. ఆనాటి రాతల్లో ఆ ఊసే లేదు. తర్వాతి శతాబ్దాల సాహిత్యంలో కనిపించేది సముద్రపు అంచు వెంట తిరిగే సన్యాసులు మాత్రమే. పామరజనం కోసం ఈ దారిని నిజంగా తెరిచినవాడు నా దృష్టిలో యూబెన్ షిన్నెన్ అనే దేశదిమ్మరి సాధువు. గుళ్లను వరసగా అంకెలతో పేర్కొని, ఏ గుడి నుంచి ఏ గుడికి ఎలా వెళ్లాలో చెప్పే చిన్న పుస్తకాన్ని 1687లో అచ్చు వేయించాడు. దారి తప్పేచోట గుర్తురాళ్లు పాతించాడు. చక్రవర్తి బిరుదిచ్చిన కూకైని అందరూ కొలుస్తారు, షిన్నెన్ పేరు ఎందరికి తెలుసు?

దారి తెరుచుకోగానే రైతులొచ్చారు. రోగులు, ఇల్లూవాకిలీ లేనివాళ్లూ వచ్చారు. తెల్లబట్ట శవవస్త్రం కూడా. దారిలో పోతే చేతికర్రే సమాధి గుర్తు. దీవిలోని తోసా ప్రాంతపు పాలకులు యాత్రికుల మీద ఆంక్షలు పెట్టారు, పల్లెవాళ్లు మాత్రం బియ్యం పెట్టారు, పడుకోను చోటిచ్చారు. ఆ ఆతిథ్యం నేటికీ ఉంది. మనవైపు పాదయాత్రికులకు దారి పొడవునా మజ్జిగ పోసేవాళ్లను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నకత్సుకాసా మోహెయ్ అనే ఆయనైతే 1922లో మరణించేలోగా 280 సార్లు దీవిని చుట్టి, షిన్నెన్ లాగే రాళ్లు పాతించాడు.

1868లో బౌద్ధాన్నీ షింతో మతాన్నీ విడదీసిన ప్రభుత్వ ఉత్తర్వుతో కొన్ని గుళ్లు మూతపడ్డాయి. ఆ గందరగోళంలో 30వ స్థానం మాదంటే మాదని రెండు గుళ్లు చాలాకాలం వాదించుకుని, 1994లో రాజీపడ్డాయి. 1953లో బస్సు యాత్రలు మొదలయ్యాయి. ఇప్పుడు ఎక్కువమంది బస్సుల్లో, కార్లలో వెళ్లేవాళ్లే.

మొత్తం దారి దాదాపు 1,200 కిలోమీటర్లు, కాలినడకన నలభై నుంచి అరవై రోజులు. అన్ని రోజులు సెలవు దొరకనివాళ్లు ఏటా ఒక్కో భాగం నడవచ్చు, అక్కడివాళ్లూ అలా చేస్తారు. ఇషితేజి వరకే వెళ్లగలిగినా సరే, వెళ్లండి. ఆ రాయిని అక్కడి ప్రదర్శనశాలలో చూడొచ్చు.