బొమ్మ కింద పేరు

సావనీరు కమిటీ వారు నన్ను ఒక చరిత్ర వ్యాసం రాయమన్నారు. చరిత్ర మాస్టారు గనుక ఏ కాకతీయుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను మాత్రం ఒక చిత్రకారుడి గురించి రాస్తున్నాను. ఆయన జగదీశ్ స్వామినాథన్. ఆయన గీసిన బొమ్మలకంటే, ఇతరుల బొమ్మలను ఎవరి పక్కన, ఏ పేరుతో పెట్టాలని ఆలోచించారో అదే నాకు ముఖ్యం.

స్వామినాథన్ 1928లో సిమ్లాలో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. డాక్టరు చదువు దారి వదిలి కలకత్తా వెళ్ళిపోయారు. కమ్యూనిస్టు పార్టీలో పనిచేశారు, పత్రికలకు రాశారు. ఢిల్లీ పాలిటెక్నిక్ సాయంత్రం తరగతుల్లో చిత్రలేఖనం నేర్చుకున్నారు. 1962లో భావనగర్‌లో పన్నెండుమంది చిత్రకారులు కలిసి ‘గ్రూప్ 1890’ పెట్టినప్పుడు అందులో ముందు నిలిచారు. 1890 అనేది ఏ సంవత్సరమో కాదు, వారు సమావేశమైన ఇంటి నంబరు. ఆ పన్నెండుమందిలో మన తెలుగువాడు ఎం. రెడ్డెప్పనాయుడు కూడా ఉన్నారు. 1963 అక్టోబరులో ఢిల్లీలో వారి ప్రదర్శనను నెహ్రూ ప్రారంభించారు. మెక్సికో రాయబారిగా ఉన్న కవి ఒక్టావియో పాజ్ దాని కేటలాగుకు ముందుమాట రాశారు. ఆ బృందం మళ్ళీ ప్రదర్శన పెట్టలేదు.

తర్వాత కొండ, చెట్టు, పక్షి బొమ్మలతో స్వామినాథన్ పేరు దేశమంతా తెలిసింది. అక్కడితో ఆగినా ఆయనకు చరిత్రలో చోటు ఉండేదే.

1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచారు. అందులోని ‘రూపంకర్’ మ్యూజియం బాధ్యత స్వామినాథన్‌ది. ఆయన యువ చిత్రకారులను మధ్యప్రదేశ్ పల్లెలకు పంపి అక్కడి కళను సేకరించారు. అలా పాటన్‌గఢ్ అనే ఊళ్ళో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే పర్ధాన్ గోండు యువకుడు కనిపించాడు. ఇంటి గోడల మీద గీసే ఆ చేయి భోపాల్ వచ్చి కాగితం, కాన్వాసు పట్టింది. 1989లో పారిస్ పాంపిడూ సెంటర్ ప్రదర్శన దాకా వెళ్ళింది. నేడు గోండు చిత్రకళగా పిలుస్తున్న శైలికి మూలం ఆయనే.

భూరీబాయి కథ ఇంకా దగ్గరిది. ఝాబువా ప్రాంతపు ఈ భిల్లు మహిళ భారత్ భవన్ కట్టేటప్పుడు అక్కడ కూలి పని చేసేది. స్వామినాథన్ ఆమెను బొమ్మ వేయమని అడిగి, కూలి కంటే ఎక్కువ డబ్బు ఇచ్చారు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

మ్యూజియంలో ఆదివాసీ బొమ్మ కింద మామూలుగా తెగ పేరు, జిల్లా పేరు ఉంటాయి. గీసినవారి పేరు ఉండదు. స్వామినాథన్ వాదన సూటిగా ఉండేది: వీళ్ళు మనతోపాటే ఇప్పుడు బతుకుతున్నారు, కాబట్టి వీళ్ళదీ సమకాలీన కళే. అందుకే నగర చిత్రకారులకూ, వీరికీ ఒకే భవనంలో చోటిచ్చారు.

ఈ దారిలో నీడలు లేవని నేననను. పల్లె కళాకారుడికి సంత తలుపు తెరిస్తే, అక్కడ అతనికి తోడు ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. స్వామినాథన్ 1994లో కన్నుమూశారు. జన్‌గఢ్ 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నారు. పేరు ఇవ్వడంతో బాధ్యత తీరిపోదని ఆ మరణం గుర్తుచేస్తుంది.

ఇదంతా ఎక్కడో భోపాల్ సంగతి అనుకోవద్దు. మన ఆదిలాబాద్‌లోనూ గోండులున్నారు, కిక్రీ వాయిస్తూ వారి వంశగాథలు పాడే పర్ధానులున్నారు. వారి పిల్లలు మన తరగతి గదుల్లో కూర్చున్నారు, ఇప్పుడూ కూర్చుంటున్నారు. స్వర్ణోత్సవానికి పిల్లల బొమ్మలు పెట్టే ఆలోచన ఉంటే పాత విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ‘గిరిజన చిత్రం’ అని రాసి వదిలేయకండి. వేసిన పిల్ల పేరు, ఊరు, తరగతి రాయండి. ఆ తర్వాత ఆ పిల్ల ఏం చదువుతోందో కూడా అడుగుతూ ఉండండి.