గాంధీ–గోరా సంవాదం: విశ్వాసానికీ నిత్యజీవిత నీతికీ మధ్య

దేవుడి మీది నమ్మకం మనిషి దైనందిన నిర్ణయాలను ఎంతవరకు నడిపిస్తుందన్న ప్రశ్న 1944 చివర్లో సేవాగ్రామ్ ఆశ్రమంలో ఇద్దరి మధ్య చర్చకు వచ్చింది. ఒకరు రెండు పూటలా ప్రార్థన తప్పని గాంధీ. రెండోవారు నాస్తికత్వం వల్ల అధ్యాపక ఉద్యోగం పోగొట్టుకున్న గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975). ఈ సంవాదాన్ని ఆస్తిక నాస్తిక వాదంగానే చెప్పుకోవడం పరిపాటి. అయితే దేవుడు ఉన్నాడా లేడా అన్న తర్కం అందులో బహు తక్కువ. నమ్మకం మనిషి చేత ఏం చేయిస్తుంది, ఏం చేయనివ్వదు అన్నదాని మీదే మాట ఎక్కువగా నడిచింది.

గోరా ఈ ప్రశ్న దగ్గరికి గ్రంథాల గుండా రాలేదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, వృక్షశాస్త్రం చదివి, జంధ్యం వేసుకోనన్నందుకు తండ్రి ఇంటికి దూరమయ్యారు. 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాల ఆయనను ఉద్యోగం నుంచి తప్పించింది. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు అవకరం వస్తుందని ఇంటింటా భయపడే రోజుల్లో ఆయన భార్య సరస్వతి కడుపుతో ఉండగానే ఆరుబయట నిలబడి గ్రహణం చూశారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలైంది. అక్కడ అన్ని కులాలవారూ కూర్చుని చేసే సహపంక్తి భోజనాలు జరిగేవి. నిప్పుల మీద నడిచి చూపడం లాంటివి కొంత ప్రదర్శన కోసం చేసినవే అనుకున్నా, భోజనాల సంగతి వేరు. ఎవరి పక్కన కూర్చుని ఎవరు తినాలన్న కట్టుబాటు మీదే కులం నిలబడి ఉంది కనుక, ఒక విస్తరి వేయడం కూడా అక్కడ నైతిక నిర్ణయమే.

సేవాగ్రామ్‌లో గోరా తన వాదానికి ఆధారంగా చూపింది బెంగాల్ కరువు. 1943లో కలకత్తా వీధుల్లో, మిఠాయిలు నిండుగా ఉన్న దుకాణాల ముందే జనం ఆకలితో చనిపోతూ, వాటి మీద చెయ్యి వేయకపోవడం ఆయనను కలచివేసింది. అంతా తలరాత అనుకోవడమే ఆ చేతులను కట్టేసిందని ఆయన నిర్ణయం. ఈ విశ్లేషణ ఒంటికంటి చూపు. ఆ కరువు వెనక కొనుగోలు శక్తి కోల్పోవడమే పెద్ద కారణమని అమర్త్య సేన్ 1981 నాటి గ్రంథంలో చూపారు. పైగా తిండిలేక నీరసించిన శరీరం తిరగబడలేదు; దుకాణాలకు చట్టం కాపలా కూడా ఉంది. అయినా గోరా ప్రశ్న కొట్టివేయదగింది కాదు. బాధను దైవనిర్ణయంగా ఒప్పుకునే అలవాటు బాధితుడి చేత మౌనంగా భరింపజేస్తుందా అన్న ప్రశ్న గాంధీకి కూడా తగిలేదే. 1934 బీహారు భూకంపాన్ని అస్పృశ్యతా పాపానికి దేవుడు వేసిన శిక్షగా చెప్పింది ఆయనే. దాన్ని అప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగానే తప్పుపట్టారు.

గాంధీ విశ్వాసం కూడా ఒకచోట ఆగింది కాదు. దేవుడే సత్యమని చాలాకాలం అన్న ఆయన 1931 నాటికి సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. దీంతో దేవుణ్ణి ఒప్పుకోని సత్యాన్వేషికి కూడా ఆయన దగ్గర చోటు దొరికింది. తన ఆస్తికత్వం ఒప్పనీ గోరా నాస్తికత్వం తప్పనీ తేల్చి చెప్పలేనని గాంధీ ఒప్పుకోవడం వెనక ఈ మార్పే ఉంది. ఇది మర్యాద కోసం అన్న మాట కాదనడానికి ఒక పెళ్లి ఆధారం.

గోరా తన పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వదలిచారు. ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ సమ్మతించారు. ఒక పక్షం హరిజనులైతే తప్ప ఏ వివాహానికీ రానన్నది అప్పటికే ఆయన నియమం. నాస్తిక కుటుంబానికి దేవుడి పేర ప్రమాణం కుదరదు కనుక ఆ చోట సత్యం పేర ప్రమాణం చేయించడానికి కూడా ఆయన సిద్ధపడ్డారు. జీవితమంతా రామనామం పట్టుకున్న మనిషికి ఇది చిన్న సడలింపు కాదు. మరోవైపు, పెళ్లికి ముందు అర్జునరావు రెండేళ్లు ఆశ్రమంలో ఉండాలని గాంధీ కోరారు. అందులో శిక్షణ దృష్టి ఉన్నా, పెద్దరికపు ఛాయ కూడా లేకపోలేదు. గోరా ఆశ్రమంలో పెళ్లికి ఒప్పుకున్నారు. తన లోకంలో సర్దుబాటు లేకుండా ఆయనకూ గడవలేదన్నమాట.

1948 జనవరి 30న గాంధీ హత్యకు గురయ్యారు. పెళ్లి మాత్రం అనుకున్న చోటే, మార్చి 13న జరిగింది. ఈ సంభాషణలను గోరా గ్రంథస్థం చేయగా, 1951లో నవజీవన్ ప్రచురణాలయం అచ్చువేసింది. దానికి ముందుమాట రాసిన కిశోర్‌లాల్ మష్రూవాలా ఆస్తికుడే. 1960లో గోరా కుమారుడు లవణం, మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్లాడారు. కులాంతర వివాహం అప్పటికి ఆ కుటుంబంలో కొత్త సంగతి కాదు.